బుల్వార్డియే

బుల్వార్డియే అనునది విస్కీ, కంపారి, తీపి ఎర్ర వెర్మౌత్ అను మూడు మద్యములను మంచుతో కలిపి తయారుచేయు ఒక కాక్‌టెయిల్. ఇది 1920లలో ప్యారిస్ నగరమునందలి అమెరికన్ల నడుమ పుట్టినది. మొదట తీపిగా తగిలి, పిదప చేదుగా నాలుకపై నిలుచుట దీని ప్రత్యేకత. జిన్‌తో చేయు నెగ్రోని అను పానీయమునకు ఇది దగ్గరి చుట్టము. జిన్ స్థానమున విస్కీ చేరుటవలన దీని రుచి మరింత చిక్కగాను, వెచ్చగాను ఉండును.

చరిత్ర

ఫ్రెంచి భాషలో బుల్వార్ అనగా చెట్ల వరుసలు గల విశాలమైన వీధి. అట్టి వీధులలోను, కాఫీశాలలలోను పొద్దుపుచ్చు షోకైన పట్టణవాసిని బుల్వార్డియే అందురు. ఎర్స్‌కిన్ గ్విన్ అను అమెరికన్ రచయిత 1927లో ఇదే పేరుతో ప్యారిస్ నుండి ఒక ఆంగ్ల మాసపత్రికను ప్రారంభించెను. పానీయమునకు ఆ పత్రిక పేరే వచ్చినది.

అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధము అమలులో ఉండెను. ఆ కాలమున పలువురు అమెరికన్ రచయితలు, పాత్రికేయులు ప్యారిస్‌లో నివసించుచుండిరి. వారు చేరు ప్రదేశములలో డానూ వీధిలోని హ్యారీస్ న్యూయార్క్ బార్ ఒకటి. 1911లో స్థాపించబడిన ఈ బారును 1923లో స్కాట్లండు దేశస్థుడైన హ్యారీ మెకెల్‌హోన్ కొని, తన పేరును దానికి చేర్చెను. ఇతడు 1927లో వెలువరించిన 'బార్‌ఫ్లైస్ అండ్ కాక్‌టెయిల్స్' అను పుస్తకమున బుల్వార్డియే కనిపించును. అయితే అది పుస్తకములోని ప్రధాన పానీయముల పట్టికలో లేదు. చివర ఆర్థర్ మాస్ వ్రాసిన హాస్యవ్యాసములో, గ్విన్‌కు చెందిన పానీయముగా ఒక్కమాటలో చెప్పబడినది. అందు మూడు మద్యములు సమానపాళ్ళలో ఉన్నవి. తరువాత చాలాకాలము మరుగున పడిన ఈ పానీయము 21వ శతాబ్దములో పాత కాక్‌టెయిళ్ళపై ఆసక్తి పెరుగుటతో తిరిగి ప్రచారములోనికి వచ్చినది.

పదార్థములు

సాధారణముగా బోర్బన్ లేదా రై విస్కీ వాడుదురు. అమెరికా చట్టము ప్రకారము బోర్బన్‌కు వాడు ధాన్యములో కనీసము 51 శాతము మొక్కజొన్న ఉండవలెను. దానిని లోపల కాల్చిన కొత్త ఓకు పీపాలలో నిలువచేయుదురు. రై విస్కీ కారముగా ఉండి చేదును మరింత పైకి తెచ్చును. భారతదేశమున చవుకగా దొరకు విస్కీలలో అనేకము మొలాసిస్ నుండి తీసిన స్పిరిట్ కలిపినవి. వాటితో చేసిన పానీయమున ధాన్యపు రుచి, పీపా రుచి పలుచబడి, కంపారి చేదే మిగులును.

కంపారి ఇటలీలోని నొవారా పట్టణమున 1860లో గాస్పరే కంపారి రూపొందించిన చేదు మద్యము. దాని తయారీ రహస్యము. దాని ఎర్రరంగు మొదట కోచినీల్ అను పురుగు నుండి వచ్చెడిది. 2006 నుండి చాలా దేశములలో కృత్రిమ రంగు వాడబడుచున్నది.

వెర్మౌత్ అనునది మూలికలతో పరిమళింపజేసి, స్పిరిట్ చేర్చిన ద్రాక్షసారా. ఈ పేరు ఆర్టెమీసియా ప్రజాతికి చెందిన ఒక చేదు మొక్క జర్మన్ పేరు నుండి వచ్చినది. వినాయకచవితి పూజలో వాడు మాచిపత్రి కూడ ఆ ప్రజాతిదే. ఇళ్ళలో ఈ పానీయము చెడుటకు తరచుగా కారణము వెర్మౌతే. విస్కీవలె దానిని బీరువాలో ఏళ్ళతరబడి ఉంచరాదు. మూత తీసిన పిమ్మట గాలి తగిలి రుచి చచ్చిపోవును. కనుక ఫ్రిజ్‌లో ఉంచి, ఒకటి రెండు నెలలలో వాడవలెను.

తయారీ విధానము

అంతర్జాతీయ బార్టెండర్ల సంఘము ఇచ్చు కొలత ఇది: విస్కీ 45 మి.లీ., కంపారి 30 మి.లీ., తీపి ఎర్ర వెర్మౌత్ 30 మి.లీ. అనగా విస్కీ ఒకటిన్నర చిన్న పెగ్గు, మిగిలినవి ఒక్కొక్క చిన్న పెగ్గు. పాత సమానపాళ్ళ పద్ధతిలో కంపారి పైచేయి అగుచున్నందున విస్కీని పెంచిరి.

పెద్ద గ్లాసును మంచుముక్కలతో నింపి, మూడింటిని పోసి, పొడవాటి చెంచాతో సుమారు అరనిమిషము త్రిప్పవలెను. కుదిపినచో గాలి బుడగలు చేరి పానీయము మసకబారును. త్రిప్పుట కేవలము చల్లబరచుటకే కాదు. కరిగిన మంచునీరు కూడ ఇందు ఒక పదార్థమే. అది తక్కువైనచో ఘాటు, ఎక్కువైనచో చప్పదనము. చిన్న మంచుముక్కలు త్వరగా కరుగును గాన పెద్దవి మేలు. పిదప వడగట్టి, చల్లని గ్లాసులో గాని, ఒక పెద్ద మంచుముక్కపై గాని పోయుదురు. చివరగా నారింజ తొక్క ముక్కను పానీయముపై పిండి, అందులోని సుగంధ తైలమును చిమ్మించి, లోపల వేయుదురు. తొక్క వెనుకనున్న తెల్లని భాగము వేరొక చేదునిచ్చును గాన దానిని వీలైనంత తీసివేయవలెను.

వెర్మౌత్‌కు బదులుగా తీపిలేని తెల్ల వెర్మౌత్‌ను, బోర్బన్‌కు బదులుగా రైను వాడినచో దానిని ఓల్డ్ పాల్ అందురు.

మోతాదు

తీయదనము వలన ఇది తేలికపాటి పానీయముగా తోచును గాని అట్టిది కాదు. పై కొలతతో ఒక గ్లాసులో సుమారు 30 మి.లీ. శుద్ధ ఆల్కహాలు ఉండును. ఇది 40 శాతము గల విస్కీ 75 మి.లీ.కు, అనగా రెండున్నర చిన్న పెగ్గులకు సమానము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 21 ఏళ్ళు నిండనివారికి మద్యము అమ్ముట నిషిద్ధము.