చెక్: ఒక రాజశబ్దం పుట్టుపూర్వోత్తరాలు

బ్యాంకులో సొమ్ము చెల్లింపునకు రాసి ఇచ్చే చెక్కు, చొక్కా మీది చెక్స్, సరిహద్దున లారీలను నిలిపే చెక్‌పోస్టు, ఆసుపత్రిలో చేయించుకొనే చెకప్, ఎన్నికల వార్తలలో ఒక పక్షం మరొక పక్షానికి పెట్టే చెక్ తెలుగువారి వాడుకలో దేనికది విడిగా నిలిచిన మాటలు. ఇంగ్లీషు నిఘంటువులో ఇవన్నీ ఒకే మూలానికి చేరతాయి, ఆ మూలం ఇంగ్లీషుది కాదు. పారశీక భాషలో రాజును చెప్పే 'షాహ్' అనే శబ్దం చదరంగంతోపాటు ప్రయాణించి, అరబ్బీ, లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషుకు చేరి చెక్‌గా స్థిరపడింది. ఆపడం, సరిచూడడం, గళ్ళ నేత, సొమ్ము చెల్లింపు పత్రం అనే అర్థాలలో యాదృచ్ఛికంగా వచ్చి చేరినది ఒక్కటీ లేదు.

షాహ్ అనే మాట క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్ది చివర డరియస్ చక్రవర్తి బిసుతూన్ కొండమీద చెక్కించిన శాసనంలోని 'ఖ్షాయథియ' అనే ప్రాచీన పారశీక పదానికి అరిగిన రూపం. సంస్కృతంలో పాలనాధికారాన్ని చెప్పే 'క్షత్ర' శబ్దం దీనికి జ్ఞాతి. ఈ మాటను ఐరోపాకు మోసుకుపోయిన ఆట భారతదేశంలో పుట్టింది. రథ, గజ, తురగ, పదాతి దళాల పేరుతో చతురంగం అనిపించుకొన్న ఆ ఆటను 7వ శతాబ్దిలో బాణభట్టు హర్షచరితంలో ప్రస్తావించాడు. పారశీకులు దానిని చత్రంగ్ అన్నారు. పారశీక సామ్రాజ్యాన్ని జయించిన అరబ్బులు షత్రంజ్ అన్నారు. వారి ద్వారా అది స్పెయిన్, ఇటలీ దేశాలకు చేరింది.

చదరంగంలో రాజును తక్కిన పావులవలె చంపి తీసివేయరు. రాజుకు ప్రమాదం వచ్చినప్పుడు ఎదుటివాడు 'షాహ్' అని పలికి హెచ్చరించడం, ఆ హెచ్చరిక విన్నవాడు తన ఎత్తుగడలన్నీ పక్కన పెట్టి ముందు రాజును కాపాడుకోవడం ఆటలోని మర్యాద. తప్పించుకొనే దారి లేనప్పుడు పలికేది 'షాహ్ మాత్', అనగా రాజు నిస్సహాయుడయ్యాడని. అరబ్బీలో మరణించాడనే అర్థమిచ్చే క్రియతో దీనిని ముడిపెట్టిన పండితులూ ఉన్నారు. తెలుగులో ఆటకట్టు అనేది ఈ స్థితినే. మధ్యయుగపు లాటిన్ షాహ్‌ను 'స్కాకుస్' చేయగా, ప్రాచీన ఫ్రెంచిలో అది 'ఎషెక్' అయింది. దాని బహువచనం నుంచి ఇంగ్లీషులో ఆట పేరు చెస్ వచ్చింది, ఏకవచనం నుంచి చెక్ వచ్చింది. జర్మన్ భాష ఇప్పటికీ చదరంగాన్ని 'షాఖ్' అంటూ రాజు పేరుతోనే పిలుస్తుంది.

అర్థ పరిణామానికి నాంది ఆ హెచ్చరికలోనే ఉంది. షాహ్ అన్న పిలుపు వినగానే ఆటగాడి ముందడుగు ఆగిపోతుంది కాబట్టి, 14వ శతాబ్ది నాటికే ఇంగ్లీషులో చెక్ అనే మాట ఆట దాటి, వేగానికి పడిన అడ్డు, పోరులో తగిలిన ఎదురుదెబ్బ అనే అర్థాలను సంతరించుకొంది. ఫ్రెంచివారు మరొక అడుగు ముందుకు వేసి, అదే మాటను నేటికీ అపజయమనే అర్థంలో వాడుతున్నారు. అడ్డు నుంచి అదుపు, అదుపు నుంచి నిఘా, నిఘా నుంచి సరిచూడడం అనే క్రమంలో అర్థం సాగి, 17వ శతాబ్ది చివరికి తనిఖీ అనే భావం స్థిరపడింది. ఒకరి అధికారం హద్దు మీరకుండా మరొకరి అధికారం అడ్డు నిలిచే ఏర్పాటుకు అమెరికా రాజ్యాంగ నిర్మాతలు ఈ మాటనే వాడడంలో అడ్డు, అదుపు అనే పాత అర్థాలే పనిచేశాయి.

ఇంతవరకు చెప్పినవి పలికిన పిలుపు నుంచి పుట్టిన అర్థాలు. మరొక శాఖ ఆట ఆడే బోర్డు నుంచి పుట్టింది, చరిత్రకారుడికి ఇదే ఎక్కువ రసవత్తరం. లాటిన్‌లో చదరంగపు బోర్డును 'స్కకారియుం' అనేవారు. 12వ శతాబ్ది ఆరంభంలో, మొదటి హెన్రీ ఏలుబడిలో, ఇంగ్లండు రాజ్యపు లెక్కలు చూసే సభకు అదే పేరు వచ్చింది. ఫ్రెంచి నోట మారి అది 'ఎక్స్‌చెకర్' అయింది. రెండవ హెన్రీకి కోశాధికారిగా పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర రాసిన గ్రంథంలో ఆ సభను వర్ణించాడు. పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల బల్లకు నాలుగువేళ్ళ ఎత్తు అంచు కట్టి, దానిమీద గీతలతో గళ్ళు తీర్చిన నల్లని వస్త్రం పరిచేవారు. ఒక వరుస పెన్నీలకు, ఒకటి షిల్లింగులకు, ఒకటి పౌన్లకు, ఆపైన ఇరవైలు, వందలు, వేలు అనే క్రమంలో వరుసలను కేటాయించి, జిల్లా పాలకుడైన షెరీఫ్ చెల్లించవలసిన మొత్తాన్ని బిళ్ళలతో పై భాగాన పేర్చి, అతడు చెల్లించినది కింద పేర్చి, అందరి కళ్ళ ఎదుట తీసివేత చేసేవారు. రోమన్ అంకెలతో రాసి కూడికలు, తీసివేతలు చేయడం దుస్సాధ్యమైన కాలంలో, చదువురాని షెరీఫ్‌కు కూడా తన లెక్క తన కంటికి కనిపించే ఉపాయమిది. ఈ సభకు చదరంగం పేరు రావడానికి ఫిట్జ్‌నీల్ మరొక కారణం కూడా చూపాడు: బోర్డుకు అటూ ఇటూ ఇద్దరు తలపడినట్లే, ఇక్కడ కోశాధికారి, షెరీఫ్ తలపడతారు, తక్కినవారు న్యాయనిర్ణేతలుగా చూస్తూ ఉంటారు. బ్రిటన్ ఆర్థికమంత్రిని నేటికీ ఎక్స్‌చెకర్ చాన్సలర్ అంటారు. ఆ బిరుదులో పారశీక రాజు ఎనిమిది వందల సంవత్సరాలకు పైగా కొలువై ఉన్నాడు.

ఆ సభలో రసీదుగా చెల్లినది గాట్లు పెట్టిన కర్ర. చెల్లించిన మొత్తాన్నిబట్టి చిన్నా పెద్దా గాట్లు పెట్టి, కర్రను నిలువునా చీల్చి, చెరొక భాగం ఇరుపక్షాల వద్ద ఉంచేవారు. తగవు వచ్చినప్పుడు రెండు చీలికలూ కలిపితే గాట్లు సరిపోవాలి. 19వ శతాబ్ది తొలి పాదం దాటేవరకూ సాగిన ఈ పద్ధతి ముగిశాక, పోగుపడిన పాత కర్రలను 1834 అక్టోబరు 16న వెస్ట్‌మినిస్టర్‌లో కొలిమిలో వేసి తగలబెట్టగా, ఆ మంట పాకి పార్లమెంటు భవనమే కాలిపోయింది.

ఒకదానితో ఒకటి సరిచూసే ఈ సూత్రమే బ్యాంకు పత్రానికి పేరు పెట్టింది. 18వ శతాబ్ది తొలినాళ్లలో చెక్ అంటే సొమ్ము పత్రం కాదు, నకిలీని పట్టడానికి బ్యాంకు తనవద్ద ఉంచుకొనే దాని ప్రతిభాగం. పోలికకు ఉంచిన ముక్క పేరు క్రమంగా పత్రానికే బదిలీ అయింది. బ్రిటన్‌లో ఎక్స్‌చెకర్ వర్ణక్రమం ప్రభావంతో దీనికి క్యూ అక్షరం చేరి వేరు రూపం వచ్చింది. అమెరికన్లు పాత అక్షరాలనే నిలుపుకొన్నారు. భారతదేశం బ్రిటిష్ వర్ణక్రమాన్ని స్వీకరించింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం నిర్దిష్టమైన బ్యాంకు మీద రాసి, అడిగిన వెంటనే చెల్లించవలసిన పత్రంగా చెక్కును నిర్వచించింది. చెల్లని చెక్కు ఇవ్వడాన్ని శిక్షార్హం చేసిన 138వ సెక్షన్ 1988 సవరణతో ఆ చట్టంలో చేరింది.

గళ్ళ వస్త్రానికి చెక్స్ అనే పేరు కూడా బోర్డు శాఖకు చెందినదే. ఈ విషయంలో తెలుగు ఏ పరభాషా సాయమూ లేకుండా అదే ఊహ చేసింది: చదరంగంలోనిది గడి, దాని బహువచనమైన గళ్ళు చీరకూ లుంగీకీ పేరు. కోరమాండల్ తీరం ఈ నేతకు ప్రసిద్ధి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టిన తరువాతి కాలంలో, ఈ తీరపు గళ్ళ బట్టలు మద్రాసు రుమాళ్ళ పేరుతో పశ్చిమాఫ్రికా దాకా ఎగుమతి అయ్యాయి. తీరపు వస్త్రాలలో కొంత భాగం అక్కడ బానిసల కొనుగోలుకు మారకంగా చెల్లిందన్నది ఆ వర్తక చరిత్రలో మరుగుపరచరాని దుఃఖకరమైన సత్యం.

షాహ్ తెలుగు నేలకు రెండుసార్లు వచ్చిందన్నది ఈ చరిత్రలో తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా చెందిన అంశం. మొదటిసారి పారశీకం రాజభాషగా ఉన్న గోల్కొండ నుంచి, 1518 మొదలు 1687 వరకు ఏలిన కుతుబ్ షాహీల బిరుదుగా, రాజు అనే అసలు అర్థంతో వచ్చింది. రెండవసారి ఇంగ్లీషు పాలనతో, రాజును పూర్తిగా మరచి, చెక్ అనే వేషంలో వచ్చింది. తెలుగు ఈ రెండవ రాకను ఒకే మాటగా స్వీకరించలేదు: బ్యాంకు పత్రానికి ఉకారం చేర్చి చెక్కు అంది, బట్టకు ఇంగ్లీషు బహువచనాన్నే ఉంచి చెక్స్ అంది, తనిఖీకి చెకింగ్, చెకప్ రూపాలను వాడింది. బ్రిటిష్‌వారు క్యూ అక్షరంతో చూపిన భేదాన్ని తెలుగువారు పదాంతంతో చూపారు. పత్రికలు రాసే 'ప్రత్యర్థికి చెక్' అనే శీర్షికలో మాత్రం అర్థం చదరంగపు బోర్డు దగ్గరే ఉంది; అక్కడ ఆ మాటకు తనిఖీతో, బ్యాంకుతో సంబంధం లేదు, ఎదుటివాడి ఎత్తును నిలిపివేయడమనే 14వ శతాబ్దపు అర్థమే ఉంది.