బ్యాంకు శాఖల్లో తరాల మధ్య సంభాషణ

ఒకే చోట పనిచేసే వేర్వేరు వయసుల ఉద్యోగులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరును కార్యాలయంలో తరాల మధ్య సంభాషణ అంటారు. పలకరింపు, పని పురమాయించడం, సందేహం అడగడం, తప్పు ఎత్తిచూపడం, పని నేర్పడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఏ కార్యాలయంలోనైనా ఉండేదే ఇది. భారతదేశపు ప్రభుత్వరంగ బ్యాంకుల్లో మాత్రం దీనికి వేరే చరిత్ర ఉంది. అక్కడ పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ నడుమ ఉండాల్సిన తరం బాగా పలచబడిపోయింది.

తరం అంటే పుట్టిన సంవత్సరం ఒక్కటే కాదని సామాజిక శాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్ 1928లో వెలువరించిన వ్యాసంలో వాదించాడు. వయసు వచ్చే కాలంలో ఒకే రకమైన అనుభవాలు ఎదురైనవాళ్లు ఒక తరమవుతారని ఆయన ఆలోచన. శిక్షణ తరగతుల్లో తరచూ వినిపించే ‘మిలీనియల్’, ‘జెన్ జీ’ పేర్లకు అంత బలం లేదు. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు ఈ విభజనలను పరిశీలించి, ఉద్యోగుల నిర్వహణకు వీటిమీద ఆధారపడటం సరికాదని తేల్చాయి. బ్యాంకుల్లో తరాలను విడదీసింది పుట్టిన ఏడు కాదు, ఉద్యోగంలో చేరిన ఏడు.

1969 జులై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్‌లో మరో ఆరు జాతీయమయ్యాయి. శాఖలు పల్లెలకు వెళ్లాయి, 1970, 80 దశకాల్లో ఉద్యోగాలు పెద్ద ఎత్తున పడ్డాయి. 1983లో యాంత్రీకరణపై యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది రంగరాజన్ కమిటీ కంప్యూటరీకరణకు దారి చూపింది. 1990లలో నియామకాలు సన్నగిల్లాయి. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద సుమారు లక్ష మంది వెళ్లిపోయారు. రాబోయే పదేళ్లలో అనుభవజ్ఞులు గుంపులుగా రిటైరవుతారని 2010లో బ్యాంకుల సిబ్బంది వ్యవహారాలను పరిశీలించిన ఖండేల్‌వాల్ కమిటీ హెచ్చరించింది. 2011లో బ్యాంకు సిబ్బంది ఎంపిక సంస్థ ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష మొదలై కొత్తవాళ్లు వరసగా రావడంతో, ఒకే కౌంటర్ వెనుక 57 ఏళ్ల హెడ్ క్యాషియర్, 24 ఏళ్ల ప్రొబేషనరీ ఆఫీసర్ పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరికీ నడుమ నలభై ఏళ్ల మనిషి ఉన్న శాఖలు అప్పట్లో తక్కువ. చిన్నవాళ్ల సందేహాన్ని పెద్దవాళ్లకు, పెద్దవాళ్ల చిరాకును చిన్నవాళ్లకు అర్థమయ్యేలా చెప్పేది ఆ నలభై ఏళ్ల మనిషే. ఆ లోటును ఏ శిక్షణ కళాశాలా పూర్తిగా భర్తీ చేయలేదు.

పాత తరం పని లెడ్జర్ల మీద నేర్చుకుంది, కొత్త తరం తెర మీద నేర్చుకుంది. తేడా సాయంత్రం క్యాష్ లెక్క కుదరనప్పుడు కనబడుతుంది. ఒక మాదిరి సందర్భం చూడండి. చేతిలో ఉన్న నగదుకూ సిస్టమ్ చూపే మొత్తానికీ 180 రూపాయల తేడా. కొత్త ఆఫీసర్ ఎంట్రీలన్నీ మొదటి నుంచి ఒక్కొక్కటే వెతుకుతుంది. హెడ్ క్యాషియర్ కుర్చీలోంచి లేవకుండానే, “తొమ్మిదితో పోతుందేమో చూడమ్మా” అంటాడు. 180 తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. అంటే రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు. వోచర్ మీద 5,240 ఉంటే సిస్టమ్‌లో 5,420 పడింది. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే. పాత క్యాషియర్లకు ఇది వేళ్ల మీది విద్య. దాన్ని ఎవరూ పాఠంగా చెప్పరు, అడిగితే వస్తుంది. అడగాలంటే చనువుండాలి.

ఆ చనువు దగ్గరే తెలుగు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఇంగ్లీషులో ‘యూ’ అంటే సరిపోతుంది. తెలుగులో నోరు తెరవగానే ‘నువ్వు’, ‘మీరు’లలో ఒకటి ఎంచుకోవాలి. ఆఫీసర్ హోదాలో పెద్ద, క్యాషియర్ వయసులో పెద్ద. ఆమె ఆయన్ని ‘సార్’ అంటుంది లేదా పేరుకు ‘గారు’ చేరుస్తుంది. ఆయన లోపల ‘అమ్మా’ అనే పిల్లను ఖాతాదారుల ముందు ‘మేడమ్’ అంటాడు. ఈ మార్పిడిని రోజుకు పదిసార్లు చేస్తూ ఇద్దరూ ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటారు. తెలంగాణ శాఖల్లో ‘అన్నా’ అన్న పిలుపు ఈ దూరాన్ని చాలావరకు తగ్గిస్తుంది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పై అధికారిని ఇంగ్లీషులో వట్టి పేరుతో పిలిచేవాళ్లు కూడా తెలుగులోకి మారగానే ‘గారు’ చేర్చడం మామూలే.

మనసులో మాట బయటికి రాకపోవడానికి డబ్బూ ఒక కారణం. 2010 ఏప్రిల్ 1, ఆ తరవాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, జాతీయ పెన్షన్ వ్యవస్థ వర్తిస్తుంది. ఒకే బల్ల మీద అన్నం తింటున్న ఇద్దరిలో ఒకరికి విరమణ తరవాత రాబడి ఖాయం, ఇంకొకరిది మార్కెట్ మీద ఆధారపడింది. “మీకేం సార్, పెన్షనుంది” అన్న మాటలో ఉన్నది అసూయ కాదు, భయం. పెద్దవాళ్లు దాన్ని ఎత్తిపొడుపుగా తీసుకుంటే మాటలు అక్కడితో ఆగిపోతాయి.

నేర్పడం ఒకవైపు నుంచే జరగదు. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు నేర్పే పద్ధతిని 1999లో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ తన సంస్థలో ప్రవేశపెట్టాడు. ఇంటర్నెట్ నేర్చుకోవడానికి వందల మంది ఉన్నతాధికారులు తమకన్నా చిన్నవాళ్ల దగ్గర కూర్చున్నారు. కోర్ బ్యాంకింగ్ వచ్చినప్పుడు మన శాఖల్లో ఇదే ఏ పేరూ లేకుండా జరిగింది. కొత్త క్లర్కు మౌస్ పట్టుకోవడం చూపించాడు, పాత క్లర్కు సంతకం పోల్చడం చూపించాడు.

2016 నవంబర్ 8 రాత్రి 500, 1,000 నోట్లు రద్దయ్యాక వచ్చిన వారాల్లో ఈ ఇచ్చిపుచ్చుకోలు ఎంత అవసరమో తెలిసొచ్చింది. లెక్కింపు యంత్రాలు వేడెక్కి ఆగిపోయినచోట నోట్లను చేత్తో లెక్కపెట్టాల్సి వచ్చింది. నకిలీని వేలి స్పర్శతో పట్టగల క్యాషియర్ పక్కన కుర్రాళ్లు నిలబడ్డారు. రోజురోజుకూ మారే ఆదేశాలను ఫోన్లో చదివి ఆయనకు చెప్పింది ఆ కుర్రాళ్లే.

2011 ప్రాంతంలో చేరినవాళ్లు ఇప్పుడు నలభైకి దగ్గరపడుతున్నారు, కొందరు దాటారు. వాళ్లలో చాలామంది శాఖా మేనేజర్లు. 2016లో మొదలైన యూపీఐతో పెరిగి, విత్‌డ్రాయల్ ఫారం చేత్తో నింపిన సందర్భాలు పెద్దగా లేని ఇరవై రెండేళ్లవాళ్లు వాళ్ల ఎదుటి కుర్చీల్లోకి వస్తున్నారు. తొమ్మిది లెక్క ఇప్పుడు ఈ మేనేజర్లు చెప్పాలి.