బాలింత కుంగుబాటు: ప్రకృతి ఆసరా
ప్రకృతి ఆసరా అంటే ప్రసవానంతర కుంగుబాటుకు చికిత్సతోపాటు పచ్చదనం, ఎండ, నడక, తోటి తల్లుల సాంగత్యం అందించే పద్ధతి. కాన్పయ్యాక వచ్చే దిగులు సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే అది జబ్బే, బద్ధకం కాదు. 2017 నాటి ఒక సమీక్ష భారతదేశంలో 22 శాతం తల్లుల్లో ఈ కుంగుబాటు ఉందని అంచనా కట్టింది. గుర్తించడానికి 1987లో వెలువడిన 10 ప్రశ్నల ఎడిన్‌బరో కొలమానం ఉంది.

తెలుగునాట బాలింతను గదిలోంచి బావి దాకా నడిపించే వేడుక నూతిలో చేద వేయడం. వైద్యం కాకపోయినా, బయటి గాలికి అదొక అనుమతి. విజయవాడ గవర్నర్‌పేటలాంటి ఇరుకు పేటల్లో బావి ఎక్కడుంది? డాబా మీది తులసి కుండీ, పొద్దున్నే పార్కులో నాలుగడుగులు, కృష్ణ ఒడ్డు గాలి మిగిలాయి. ఇవి మందులకు బదులు కావు. చనిపోవాలన్న తలంపు వస్తే వెంటనే డాక్టరును కలవాలి; మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416.