బట్టి దాగుతది గని వాసన దాగదు

ఇప్పుడు నువ్వు మెట్రో దిగి చూసే ఉప్పల్ నాకు ఎరికైన ఉప్పల్ కాదు బిడ్డా. మా చిన్నతనంల నల్లచెరువు కట్ట మీద నిలబడితే తాళ్లు, ఈదులే అగుపడేటివి. మూసీ దిక్కు చూస్తే వరిమళ్లు. పొద్దుగాల గౌడన్న మోకు ముస్తాదు ఏసుకొని చెట్టెక్కుడే ఆలస్యం, కింద మంది రేకలు పట్టుకొని కూసునేటోళ్లు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరని సామెత. మా దగ్గర పాలు తాగేటోడు ఉంటే గద అనడానికి!

ఆగు, కల్లు ముచ్చట మొదలుపెడితే తెల్లారుతది. నువ్వడిగింది గుడుంబా బట్టి గురించి. అట్ల చూడకు, నేను పెట్టలే. వాడకట్టుల ఉన్నోనికి వాసన చూసుడు తప్పలే, అంతే.

అండ్ల పెద్ద విద్యేం లేదు. నల్లబెల్లం పానకం పులిసినంక పొయ్యి మీదికెక్కుతది. కింద మంట, నడుమ ఆవిరి, పైన చల్లనీళ్ల గిన్నె. నీళ్ల కన్న ముందు సారా ఆవిరై లేస్తది, సల్లటిదానికి తాకి చుక్కచుక్క దిగుతది. నీ సైన్సు పుస్తకంల గూడ ఇదే సూత్రం. గని పుస్తకంల కొలత ఉంటది, బట్టికాడ ఏం కొలత? గుంజాలె, ఘాటుండాలె అని పటిక ఏసేటోడు ఒకడు, నవసారం ఏసేటోడు ఒకడు. తాగినోనికి కడుపుల మంట. ఎక్కడన్న కార్ఖానా స్పిరిట్ కలిసిందా, కండ్లే పోయేటివి, పానాలే పోయేటివి. నవ్వుకుంట చెప్తున్న గని, ఆ ముచ్చట నవ్వేది కాదు.

నవ్వొచ్చేది బట్టిని దాసిపెట్టుడు దగ్గర. నాచారంల కార్ఖానాలు వస్తున్న రోజులు, పని దొరికిన మంది అద్దె అర్రలల్ల ఇరుక్కొని ఉండేది. మా గల్లీల ఒక ఇంట్ల దినాం మాపటీలి సాంబ్రాణి పొగ. ఎంత భక్తో అని మా అమ్మ మెచ్చుకునేది. ఆ పొగ సందు నుంచి పులిసిన బెల్లం వాసన గల్లీ చివరి దాక నడిచొచ్చేది. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగుతదని ఊకెనే అన్నరా? ఒకనాడు ఆబ్కారోళ్లు జీపేసుకొని వచ్చి పానకం మొత్తం మోరిల పారబోసిన్రు. ఎవలదో బర్రె అది తాగి మా గడపల అడ్డంగ పండుకుంది. లేపితే లేవది, అదిలిస్తే కదలది. బర్రె నాది అని చెప్పుకునేటోడు రెండు దినాలు రాలే!

ఇగ సర్కారు తెలివి చెప్త విను. 1983ల ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిండు. మంచి పనే, మా ఇంట్ల గూడ కడుపు నిండ తిన్నం. ఆయన సర్కారే వారుణి వాహిని అని పేరు పెట్టి సారా పొట్లాలల్ల అమ్మించింది. బియ్యంల మిగిలిన పైసలు పొట్లాలకు పోయినయని ఆడోళ్లు తిట్టేటోళ్లు. కంచెనే చేను మేస్తే కావలి ఎవలు ఉంటరు? ఆయన సినిమా స్టూడియో గూడ మన నాచారంలనే ఉండె. ఆయన కృష్ణుడి ఏషం చూద్దామని గేటు కాడ నిలబడ్డోళ్లు, మళ్లీ సాయంత్రం పొట్లం కోసం నిలబడ్డోళ్లు, ఒకలే.

నెల్లూరు జిల్లా దూబగుంటల చదువు నేర్చిన ఆడోళ్లు, రోశమ్మ అసొంటోళ్లు, 1992ల సారా దుకాణాల మీదికి ఉరికిన్రు. ఆ ఊపుల 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంల సారా బంద్. పాత పొట్లాలాయననే 1994 డిసెంబర్ల మళ్లీ గెలిచి, మందు మొత్తం బంద్ ఫైలు మీద సంతకం పెట్టిండు. 1995 సంక్రాంతి దాటంగనే అది మొదలాయె. ఆయన తర్వాత గద్దెనెక్కిన అల్లుడు 1997ల ఎత్తేసిండు. నడుమ రెండేండ్లల్ల ఏమైంది? దుకాణాలు మూసిన్రు, బట్టీల పొయ్యిలు ఆరలే. పొద్దుందాక కష్టం చేసినోడు పొద్దుగూకంగ ఎక్కడికి పోతడో, బంద్ పెట్టినోళ్లు ఆలోచించలే.

తెలంగాణ వచ్చినంక గుడుంబా మీద గట్టిగనే పడ్డరు. నల్లబెల్లం అమ్మే దుకాణాల మీద నిఘా పెట్టిన్రు. మేడారం జాతరకు పోవాలంటే ఉప్పల్ల బస్సెక్కాలె గద, తల్లులకు బంగారం కావాలె. బంగారమంటే బెల్లమే, ఎరుకనా? నిలువెత్తు బెల్లం మొక్కు ఉండె మాకు. దుకాణంల ఆధార్ కార్డు అడిగిండు. ఇచ్చిన. ఎవల బరువు అన్నడు. నాది అన్న. నన్ను కిందికెళ్లి మీదికి చూసి, తాతా, గంత బరువుంటవా నువ్వు, ఏడ కాగబెడుతున్నవు అన్నడు. మీ అవ్వ ముందటికొచ్చి, బక్కోడే గని మొక్కింది నేను, నన్ను తూకమెయ్యి అని తక్కెట్ల కూసుంది. వాడు ఇగ నోరు తెర్వలే!