కదిలించే ముందు కట్టు

తొడ ఎముక విరిగి మనిషి చనిపోయాడంటే ఇవాళ నమ్మబుద్ధి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తొలి రెండేళ్లలో ఫ్రాన్స్‌లో పోరాడుతున్న బ్రిటిష్ సైన్యానికి అది మామూలు సంగతి. తూటా తగిలో, ఫిరంగి గుండు తునక తగిలో తొడ ఎముక విరిగిన సైనికుల్లో నూటికి 80 మంది బతికేవారు కాదని ఆనాటి వైద్యుల మాట. 1917 ఏప్రిల్‌లో అర్రాస్ దగ్గర జరిగిన పోరులో అలాంటి క్షతగాత్రులు 1009 మందిని లెక్కేస్తే, పోయినవారు 15.6 శాతమని సర్జన్ హెన్రీ గ్రే చూపించాడు. ఈ తేడా అంతా థామస్ స్ప్లింట్ అనే ఇనుప చట్రం చలవేనని వైద్య చరిత్రలు రాస్తుంటాయి. కానీ ఆ చట్రం అప్పటికే నలభై ఏళ్ల పాతది. మందుగుండు సంచులు మోసే చోటికి, బురద కందకాల అంచుకి దాన్ని తీసుకెళ్లడం మాత్రం కొత్త. నా దృష్టిలో అసలు చరిత్ర అక్కడుంది.

తొడ ఎందుకంత ప్రమాదమో ముందు చూడాలి. శరీరంలో అతి బలమైన కండరాలు కొన్ని అక్కడే ఉన్నాయి. ఎముక విరగ్గానే అవి ముడుచుకుని విరిగిన కొసల్ని ఒకదాని మీదికి ఒకటి లాగుతాయి. కాలు పొట్టిదవుతుంది, తొడ ఉబ్బుతుంది, ఆ ఉబ్బులో లీటరుకు పైగా నెత్తురు బయటికి కనిపించకుండానే చేరుతుంది. ఆ స్థితిలో మనిషిని స్ట్రెచర్ మీద వేసి గుంతల దారిలో మోస్తే, ప్రతి కుదుపుకీ ఎముక కొసలు కండని కోస్తూనే ఉంటాయి. అంటే గాయం ఒక్కసారి తగిలి ఆగిపోదు, దారి పొడుగునా తగులుతూనే ఉంటుంది. ఆస్పత్రికి చేరేసరికి చల్లబడిన ఒళ్లు, అందీ అందని నాడి. అప్పుడు కత్తి పట్టిన సర్జన్ ఎంత గొప్పవాడైతే మాత్రం ఏం చేస్తాడు?

ఈ కుదుపుని ఆపే చట్రాన్ని చేసిన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) వేల్స్‌లోని ఆంగ్లసీ దీవికి చెందిన ఎముకలు కట్టే వంశం వాడు. మనకి పుత్తూరు కట్టు ఎలాంటిదో, అక్కడి జనానికి ఆ ఇంటి కట్టు అలాంటిది. తండ్రి పట్టా లేని వైద్యుడు. డాక్టర్లు ఆయన్ని కోర్టుల చుట్టూ తిప్పితే, కొడుకులందర్నీ డాక్టరు చదువులే చదివించాడు. పట్టా పుచ్చుకుని లివర్‌పూల్‌లో స్థిరపడ్డా, థామస్ ఇంటి విద్యను వదల్లేదు: చెడిన కీలుకి, విరిగిన ఎముకకి కావలసింది ఎడతెగని విశ్రాంతి. గజ్జ దగ్గర ఆనే తోలు చుట్టిన ఇనుప కడియం, కాలికి రెండు పక్కలా పాదం దాటిపోయే ఊచలు. పాదాన్ని కిందికి లాగి చివర కట్టేస్తే కండరాల లాగుడుకి ఎదురు లాగుడు దొరుకుతుంది. 1875లో అచ్చయిన పుస్తకంలో ఆయన దీన్ని వివరించింది ప్రధానంగా మోకాలి జబ్బుల కోసం. పెద్దాస్పత్రిలో పదవి లేని మనిషి, పైగా ముక్కుసూటి మనిషి. లండన్ వాళ్లు పట్టించుకోలేదు. (వంశ వైద్యం మీద చిన్నచూపు ఒక్క మన దేశానిదే కాదన్నమాట.)

పట్టించుకున్నది ఆయన భార్య తరఫు మేనల్లుడు రాబర్ట్ జోన్స్. 1888లో మాంచెస్టర్ ఓడ కాలువ తవ్వకానికి జోన్స్ సర్జన్‌గా కుదిరాడు. 36 మైళ్ల పొడుగు పని, వేల మంది కూలీలు, రోజూ మట్టి పెళ్లలు విరిగిపడటాలు, బండ్ల కింద నలగడాలు. ఆయన పనిని భాగాలుగా విడగొట్టి మూడు ఆస్పత్రులు పెట్టించాడు, మధ్యలో ప్రథమ చికిత్స కేంద్రాలు ఉంచాడు, కాలువ వెంట వేసిన రైలునే క్షతగాత్రుల బండిగా వాడుకున్నాడు. ప్రమాదం జరిగిన చోట మొదలై ఆస్పత్రి మంచం దాకా తెగకుండా సాగే వైద్యపు గొలుసు అది. యుద్ధంలో జోన్స్ సైన్యానికి థామస్ చట్రాన్ని నూరిపోశాడంటే, వెనక ఈ అనుభవం ఉంది. 1917 నాటికి స్ట్రెచర్ మోసేవాళ్లు ముగ్గురేసి జట్టుగా, అంకెలు చెప్పుకుంటూ చట్రం కట్టడం కవాతులా నేర్చుకున్నారు. చీకట్లో పని కాబట్టి కళ్లకి గంతలు కట్టుకుని సాధన చేశారు. బూటు విప్పరు, ప్యాంటు కొయ్యరు. దాని మీదే కట్టి, ఆ తర్వాతే ఎత్తుతారు. డాక్టరు చేతిలోని పని మోతగాడి చేతిలోకి వచ్చింది.

ప్రాణాలు నిలిపింది ఈ మార్పేనన్న మాటకి అభ్యంతరాలు లేకపోలేదు. నూటికి 80 అన్న అంకెని ఈమధ్య పరిశోధకులు శంకించారు, ఆ శంక న్యాయమే. యుద్ధరంగంలో పోయినవాళ్లు ఎవరి లెక్కలోకి వచ్చారు, ఆస్పత్రిలో పోయినవాళ్లు ఎవరి లెక్కలోకి వచ్చారు అన్నది రెండు కాలాల్లో ఒకేలా లేకపోతే పోలిక నిలవదు. ఆ అంకెని పక్కన పెట్టినా 1009 మంది లెక్క మిగిలే ఉంటుంది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: ఈలోగా సర్జరీ కూడా మారింది, చచ్చిన కండని కోసి తీసేయడం, పుండుని క్రిమిసంహారక ద్రవంతో కడగడం అలవాటయ్యాయి. ఒప్పుకోవాలి. అయితే వైద్యుడు ఆస్వల్డ్ రాబర్ట్‌సన్ నిల్వ నెత్తురుని యుద్ధరంగానికి తెచ్చింది అర్రాస్ తర్వాత కొన్ని నెలలకి, పెన్సిలిన్ ఊసే లేదు. పైగా కోతకి తట్టుకునే ప్రాణంతో మనిషి బల్ల మీదికి చేరితేనే కొత్త సర్జరీ పనికొస్తుంది.

మూడో మాట ఈనాటిది. ప్రమాద స్థలంలో కట్లు కడుతూ కూర్చుంటే విలువైన నిమిషాలు పోవా? పొట్టలోనో ఛాతీలోనో తూటా దిగిన మనిషి విషయంలో పోతాయి. అక్కడ కట్టు ఏదీ పని చేయదు, ఆపరేషన్ బల్లకి చేర్చడమే వైద్యం. తొడతో పాటు కటి ఎముక కూడా విరిగితే గజ్జ మీద ఆనే చట్రం చెరుపు చేయొచ్చు. కాబట్టి ఎత్తడానికి ముందు ఏ గాయమో పోల్చుకోవాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 బండిలో డ్రైవరు పక్కన టెక్నీషియన్ని కూర్చోబెట్టింది ఆ పోల్చుకోవడం కోసమే. రోడ్డు మీద విరిగిన కాలుని చూసి నలుగురూ చేతులు వేసి ఆటోలోకి ఎత్తబోతుంటే, ఆగమని చెప్పాల్సింది ఆ మనిషే.