మార్లవాయి నుంచి మన హైస్కూలు దాకా



మన ఆశ్రమ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన సారు, తెలుగు చెప్పిన మేడం ఇద్దరూ ఈ ఏడాది పదవీ విరమణ చేస్తున్నారు. వారి దగ్గర చదువుకున్నవారి జ్ఞాపకాలు ఈ సంచిక నిండా ఉన్నాయి. వాటి పక్కన మేము ఒక చరిత్ర ముక్క పెట్టదలచాం. గోండు గూడెంలో పుట్టిన ఆలుమగలు గోండు పిల్లలకు హైస్కూలు పాఠాలు చెప్పడం ఈ రోజు మీకు మామూలు విషయంగా కనిపిస్తుంది. మన తాతల కాలంలో అది ఊహకు కూడా అందని మాట. ఈ మార్పు దానంతటదే రాలేదు. ఎవరెవరు ఏం చేస్తే వచ్చిందో తెలిస్తేనే దాన్ని నిలుపుకోగలం.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. భూమి కోసం, అడవి కోసం గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడొచ్చింది. ఆ పని మీద మన ప్రాంతానికి వచ్చినవారే వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ హైమన్‌డార్ఫ్. ఆయన వెంట భార్య బెట్టి ఎలిజబెత్ కూడా వచ్చారు. ఇప్పటి జైనూరు మండలంలోని మార్లవాయిలో మన ఇళ్ళలాంటి ఇంట్లోనే ఆ దంపతులు ఉన్నారు. మన మాట నేర్చుకున్నారు, మన పండుగలు చూశారు.

ఆయన గమనించిన సంగతి ఒకటుంది. పట్టా కాగితంలో ఏం రాసి ఉందో, షావుకారు పద్దులో ఎంత వేశాడో చదువుకోలేని మనిషికి భూమి ఇచ్చినా అది చేతిలో నిలవదు. అందుకే భూమి పట్టాలతో పాటు చదువు కూడా కావాలని ఆయన ప్రభుత్వానికి చెప్పారు. 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది.

ఆ పథకంలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం దాని వరుస. ముందు బడులు కట్టి తర్వాత పంతుళ్ళను బయటి నుంచి తేలేదు. అక్షరం ముక్క వచ్చిన గోండులు అప్పటికి బహు కొద్దిమంది. వెతికి వెతికి అలాంటి యువకులను పట్టుకుని ముందు వాళ్ళకు మార్లవాయిలో శిక్షణ ఇచ్చారు. గోండి మాటలను దేవనాగరి లిపిలో అచ్చువేసి వాచకాలు తయారు చేశారు. శిక్షణ పూర్తయిన వాళ్ళే గూడేలకు పంతుళ్ళుగా వెళ్ళారు. పిల్లవాడి ఇంటి భాష తెలిసినవాడే మొదటి పంతులు కావాలన్నది ఆ పథకానికి పునాది. సేతుమాధవరావు పగడి వంటి అధికారులు కూడా గోండి నేర్చుకుని ఈ పనిని ముందుకు నడిపారు.

ఆ పునాది తర్వాతి రోజుల్లో అంత గట్టిగా నిలవలేదు. 1956లో రాష్ట్రాలు భాషల వారీగా ఏర్పడి ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక బడి భాష తెలుగైంది. గోండి బడి గుమ్మం బయటే ఉండిపోయింది. ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, 1970 దశకంలో ఉట్నూరు కేంద్రంగా ఐటీడీఏ వచ్చింది. భవనాలు పెరిగాయి గానీ చాలాచోట్ల పంతులు మాట పిల్లవాడికి అర్థం కాలేదు, పిల్లవాడి మాట పంతులుకు అర్థం కాలేదు.

చిన్న ఉదాహరణ చూడండి. మన పిల్లవాడికి దాహం వేస్తే 'ఏర్' అంటాడు. మన మాటలో ఏర్ అంటే నీళ్ళు. తెలుగు మాత్రమే తెలిసిన పంతులుకు ఏరు అంటే వాగు. తాగడానికి నీళ్ళడిగిన పిల్లవాడు వాగుకు వెళ్తానంటున్నాడని ఆయన అనుకుంటాడు. రెండు భాషలూ తెలిసిన పంతులుకు అదే మాట పాఠానికి మెట్టు అవుతుంది. రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెట్టే పిల్లకు రెండు, మూడు, నాలుగు అని చెప్పడం ఎంతసేపు? మన సారూ మేడమూ చేసింది ఇదే. దండారి రోజుల్లో పిల్లలు గూడేనికి వెళ్ళి ఆలస్యంగా తిరిగొస్తే వాళ్ళ పేర్లు కొట్టేయలేదు. గుస్సాడి టోపీ కట్టిన పిల్లవాడు ఎందుకు రాలేదో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పోయిన పాఠాలు సాయంత్రం కూర్చోబెట్టి చెప్పారు. పదో తరగతి దాటించారు.

వాళ్ళు ఆ కుర్చీల్లోకి ఎలా రాగలిగారో కూడా చూడాలి. 1981 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనుల్లో అక్షరాస్యులు 7.82 శాతం. ఆడవాళ్ళలో 3.46 శాతం. అంటే నూరు మంది అక్కచెల్లెళ్ళలో చదవడం వచ్చినవారు నలుగురు కూడా లేరు. మేడం చదువుకున్నది ఆ కాలంలో. 1986లో ప్రభుత్వం జీవో 275 ఇచ్చి షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ఉపాధ్యాయ ఉద్యోగాలను స్థానిక గిరిజనులకే కేటాయించింది. ఆ తర్వాత ఉద్యోగాల్లో చేరిన తరం మన దంపతులది. ఆ జీవో కోర్టు వివాదాల్లో పడ్డాక 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. అందులో ఆ ఉద్యోగాల్లో మూడో వంతు మహిళలకు ఇవ్వాలని కూడా రాశారు. 1991లో 17.16 శాతం ఉన్న గిరిజన అక్షరాస్యత 2001 నాటికి 37.04 శాతానికి చేరింది. అంతా ఒక్క జీవో వల్లనే జరిగిందని మేము అనం. కానీ మన మాట తెలిసిన పంతులు బడిలో ఉంటే తల్లిదండ్రులు ధైర్యంగా పిల్లల్ని పంపుతారని గూడెంలో ఏ పెద్దను అడిగినా చెప్తాడు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ సమ్మతం కాదని తేల్చింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని కదపలేదు. కాబట్టి ఇబ్బంది ఇప్పుడు పనిచేస్తున్నవారిది కాదు, మీది. సారూ మేడమూ లేచిన కుర్చీల్లో మన మాట తెలిసినవాళ్ళే కూర్చుంటారన్న భరోసా ఇప్పుడు లేదు. చట్టబద్ధమైన రక్షణ మళ్ళీ రావాలని అడిగే హక్కు మనకుంది, మన సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే కుర్చీలు మన కోసం ఆగవు.

అందుకే మా మాట ఇది. మీలో బీఈడీ చదివేవాళ్ళు టెట్, డీఎస్సీలకు ఇప్పటినుంచే తయారు కండి. లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు భయపెడుతున్నాయని వదిలేయకండి. సారు లెక్కలు చెప్పింది మనలాంటి పిల్లలకే. ఇంట్లో గోండి మాట్లాడటం మానకండి. ఆ మాట పోతే మన పంతులుకూ బయటి పంతులుకూ తేడా ఉండదు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన మన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు ఫోన్లోనూ రాయవచ్చు. నేర్చుకోండి, తమ్ముళ్ళకు నేర్పండి.

బెట్టి 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న అక్కడ మనవాళ్ళు చేరి దండం పెడతారు. ఆ దంపతులు ఎక్కడి నుంచో వచ్చి మన మధ్య పంతుళ్ళు తయారయ్యే దారి వేశారు. మన దంపతులు మనలోంచే వచ్చి ఆ దారిలో ముప్పై ఏళ్ళకు పైగా నడిచారు. వారికి శాలువా కప్పే పని సంఘం చేస్తుంది. వారి చేతిలోని సుద్దముక్క అందుకునే పని మీది.