100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా డౌన్‌లోడ్ 12 దగ్గరే ఆగుతోందా? ఇంటర్నెట్ స్పీడ్ అసలు లెక్క ఇదీ!

మేడ్చల్‌లో హైవే పక్కన కొత్త అపార్ట్‌మెంట్లు.. శామీర్‌పేటలో రాజీవ్ రహదారి వెంట విల్లాలు, వెంచర్లు. హైదరాబాద్ ఉత్తర శివార్లలో ఇల్లు మారగానే చాలామంది ముందు పెట్టించుకునేది నెట్ కనెక్షనే. జీనోమ్ వ్యాలీ ఉద్యోగులైనా, ఇంటి నుంచి పనిచేసే ఐటీ వాళ్లయినా, ఆన్‌లైన్ క్లాసుల పిల్లలైనా అది లేకుండా పని నడవదు. ప్లాన్ మీద '100 ఎంబీపీఎస్' అని ఉంటుంది. ఫైల్ డౌన్‌లోడ్ పెడితే మాత్రం 12 దాటదు. మరి కంపెనీ మోసం చేసినట్టేనా? అన్నిసార్లూ కాదు. తేడా యూనిట్‌లోనే ఉంది.

చిన్న బి.. పెద్ద బి

టెలికాం కంపెనీలు స్పీడ్‌ని 'బిట్స్'లో చెబుతాయి. ఫోన్, కంప్యూటర్ ఫైల్ సైజ్‌ని 'బైట్స్'లో చూపిస్తాయి. 8 బిట్స్ కలిస్తే 1 బైట్. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు బిట్‌కి చిన్న 'బి', బైట్‌కి పెద్ద 'బి' వాడతారు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉండటంతో తికమక పడుతుంటాం.

రూల్ సింపుల్. ఎంబీపీఎస్‌ని 8తో భాగిస్తే సెకనుకి ఎన్ని ఎంబీలో వస్తుంది.

* 10 ఎంబీపీఎస్ = సెకనుకి 1.25 ఎంబీ
* 40 ఎంబీపీఎస్ = సెకనుకి 5 ఎంబీ
* 100 ఎంబీపీఎస్ = సెకనుకి 12.5 ఎంబీ
* 1 జీబీపీఎస్ (1000 ఎంబీపీఎస్) = సెకనుకి 125 ఎంబీ

అంటే 100 ప్లాన్‌లో డౌన్‌లోడ్ 12 దగ్గర ఉంటే స్పీడ్ దాదాపు ఫుల్‌గా వస్తున్నట్టే. 1 జీబీ ఫైల్‌లో ఉండేది 8,000 మెగాబిట్లు. 40 ఎంబీపీఎస్ లైన్‌లో అది దిగడానికి 200 సెకన్లు, అంటే 3 నిమిషాల 20 సెకన్లు పడుతుంది.

1000నా? 1024నా?

ఇక్కడే ఇంకో చిక్కు. టెలికాంలో కిలో అంటే 1000, మెగా అంటే 10 లక్షలు. విండోస్ మాత్రం 1024 లెక్క వాడుతుంది. అందుకే 12.5 రావాల్సిన చోట 11.92 అని కనిపిస్తుంది. 1 టీబీ హార్డ్ డిస్క్ కొంటే 931 జీబీ అని చూపించేది కూడా ఈ కారణంతోనే. దీనికి తోడు ప్రతి డేటా ప్యాకెట్‌కి అడ్రస్ లాంటి అదనపు సమాచారం అంటుకుని వెళ్తుంది. దానికి 5 శాతం దాకా పోతుంది.

1.5 జీబీ ఎంతసేపు వస్తుంది?

మొబైల్‌లో వీడియోలు చూసేవాళ్లకి అసలు దెబ్బ ఇక్కడే. ఫుల్ హెచ్‌డీ వీడియోకి సుమారు 5 ఎంబీపీఎస్ కావాలని యూట్యూబ్ చెబుతోంది. ఆ లెక్కన గంటకి 2.25 జీబీ. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉంటే 40 నిమిషాల్లో ఖతం! క్వాలిటీ తగ్గించి 2 ఎంబీపీఎస్‌లో చూస్తే అదే డేటా 100 నిమిషాలు వస్తుంది.

డేటా అయిపోయాక చాలా ప్లాన్లలో స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. 8తో భాగిస్తే సెకనుకి 8 కేబీ. 200 కేబీ ఫొటో ఒక్కటి రావాలంటే 25 సెకన్లు ఆగాలి. 1 ఎంబీకి 2 నిమిషాల పైనే. నిజానికి 64 కేబీపీఎస్ అనేది డిజిటల్ టెలిఫోన్‌లో ఒక్క మనిషి మాటకి కేటాయించిన స్పీడ్. సెకనుకి 8,000 శాంపిల్స్, ఒక్కోదానికి 8 బిట్స్. అలాంటి 32 కలిపితే 2.048 ఎంబీపీఎస్. టెలికాం వాళ్లు 'ఈ1' అని పిలిచే లైన్ అదే.

'బ్రాడ్‌బ్యాండ్' అంటే ఎంత?

దేశంలో ఈ మాటకి కనీస స్పీడ్ ఉంది. 2004 పాలసీలో అది 256 కేబీపీఎస్. 2013లో 512 కేబీపీఎస్ చేశారు. 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్. బైట్స్‌లో చూస్తే సెకనుకి 32, 64, 250 కేబీ అన్నమాట.

మరి రాత్రిపూట స్లో ఎందుకు?

యూనిట్ లెక్క సరిపోయినా స్పీడ్ నిజంగానే తగ్గే సందర్భాలుంటాయి. ఇళ్లకి ఎక్కువగా ఇచ్చే జీపాన్ ఫైబర్‌లో ఒక్క లైన్ కెపాసిటీ 2.488 జీబీపీఎస్. దాన్ని స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్లకి పంచుతారు. 32 ఇళ్లూ ఒకేసారి ఫుల్‌గా వాడితే ఒక్కో ఇంటికి దక్కేది సుమారు 77 ఎంబీపీఎస్. 64 అయితే 38 పైచిలుకే. మొబైల్ టవర్ దగ్గర కూడా ఉన్న కెపాసిటీని అందరూ పంచుకోవాల్సిందే. పాత రౌటర్‌లో 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఉంటే, 200 ప్లాన్ తీసుకున్నా ఆ పోర్ట్ నుంచి 95 దాటదు.

కంప్లెయింట్ ఇచ్చే ముందు

* ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపి టెస్ట్ చేయండి. వైఫై మీద చేస్తే తప్పు ఎక్కడుందో తేలదు.
* పొద్దున, రాత్రి వేర్వేరుగా చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. మొబైల్ డేటాకైతే ట్రాయ్ 'మైస్పీడ్' యాప్ ఉంది.
* రిజల్ట్ ఎంబీపీఎస్‌లో ఉందా, ఎంబీలో ఉందా చూడండి. ఎంబీలో ఉంటే 8తో గుణించి ప్లాన్‌తో పోల్చండి.

100 ప్లాన్‌లో కేబుల్ మీద కూడా సెకనుకి 4 ఎంబీ దగ్గరే ఆగుతోందా? అంటే వస్తున్నది 32 ఎంబీపీఎస్సే. వేర్వేరు టెస్టుల్లో ఇదే కనిపిస్తే కంపెనీని అడగాల్సిందే. ముందు కస్టమర్ కేర్‌లో కంప్లెయింట్ చేసి డాకెట్ నంబర్ తీసుకోవాలి. అక్కడ తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీల్ చేసుకోవచ్చు. అప్పీల్‌కి ఫీజు లేదు.